జీర్ణోద్ధరణ ధర్మము

పాతవస్తువును బాగుచేయువాఁడు దేనిని కాపాడవలెను? దాని దేహమునా, దాని కళనా, దానిచుట్టు అల్లుకొనిన లోకాచారమునా? దేవాలయముల విషయమున మన పెద్దలు ఈ ప్రశ్నను చిరకాలము విచారించియున్నారు. ఆటవస్తువుల విషయమున ఇట్టి విచారణ యేల యని కొందఱు నవ్వవచ్చును. కాని ధర్మము వస్తువుయొక్క గొప్పతనమునుబట్టి మాఱునది కాదు. అందుచేత మా చోడవరములో నా యింటి వసారాలో నేను బాగుచేయుచున్న యొక పాత వీడియోగేము పెట్టెను నిదర్శనముగాఁ గైకొని యీ సంగతిని చర్చించెదను.

ఈ పెట్టె మనిషెత్తు చెక్కబీరువా వంటిది. పైని పిక్చరు ట్యూబు, నడుమ చేతిపిడులును మీటలును, క్రింద నాణెము వేయు సందు, లోపల ఆటను నడపు బోర్డు. 1972లో అమెరికాలో అటారీవారి పాంగ్, 1978లో జపానులో టైటోవారి స్పేస్ ఇన్వేడర్స్, 1980లో నామ్‌కోవారి ప్యాక్‌మ్యాన్ ఈ పెట్టెలకు లోకప్రసిద్ధిని దెచ్చినవి. పిమ్మట మన పట్టణములలోను వీడియోగేముల దుకాణములు వెలసినవి. 1993లో వెలువడిన ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అను ఆటను మన బాలురు అందలి యొక పాత్రనుబట్టి ‘ముస్తఫా’ యనియే పిలిచిరి. తరువాత ఇంటి కంప్యూటర్లును సెల్‌ఫోనులును వచ్చెను, దుకాణములు మూఁతపడెను, పెట్టెలు మూలఁబడి చెదలపాలయ్యెను.

బాగుచేయుట యనఁగా నేమి? చెదలు తిన్న పలకను దీసి క్రొత్తపలక వేయవలెను. ద్రవ మెండిపోయిన కెపాసిటర్లను ఊడఁదీసి క్రొత్తవానికి టంకము వేయవలెను. పిక్చరు ట్యూబు నడచునపుడు 20,000 వోల్టుల ప్రాంతపు విద్యుత్తును ధరించును. ఆపిన పిమ్మటను కొంత నిలిచియుండును గనుక తెలిసినవాఁడు తోడులేక దానిని ముట్టరాదు. విఱిగిపోయిన పిడిగుండునకు బదులు, వరాహనదీతీరమున ఏటికొప్పాక పనివారిచే అంకుడుకఱ్ఱ గుండు త్రిప్పించి లక్కపూయించితిని. ప్లాస్టికున్నచోట లక్క పెట్టుట ఉద్ధరణమా, అపచారమా యని యొక మిత్రుఁడడిగెను. ఇంకొక మిత్రుఁడు, “ఇంత శ్రమ యెందులకు? లోపలిదంతయు పాఱవైచి పలుచని క్రొత్తతెరయు చిన్న కంప్యూటరును పెట్టుము, వేలకొలఁది ఆటలు వచ్చును” అనెను.

ఇరువురకును ఒక్కటే సమాధానము. నాగసేన భిక్షువు మిళిందరాజునకు రథమును దృష్టాంతముగాఁ జూపి, చక్రము రథము కాదు, ఇరుసు రథము కాదు అని విచారించిన కథ ప్రసిద్ధము. విడిభాగములలో వస్తువు దొరకదు. అయినంతమాత్రమున ఏ భాగమును మార్చినను ఒక్కటే యనరాదు. ఆలయమును బాగుచేయుటకు ముందు ఆగమవిధిచొప్పున మూర్తిలోని కళను కలశములోనికి ఆకర్షించి, పని ముగిసినపిదప మరల మూర్తియందు నిలుపుదురు. అనఁగా కాపాడవలసినదేదో నిశ్చయించుకొనిన తరువాతనే యులిని చేతఁబట్టుదురు.

ఈ పెట్టెకు కళ బోర్డుమీఁది చిప్పులలోని వ్రాఁత. ఇట్టి చిప్పులు పెక్కింటికి నెత్తిన చిన్న గాజుకిటికీ యుండును. దానిగుండ అతినీలలోహిత కిరణములు సోఁకిన ఆ వ్రాఁత చెఱిగిపోవును. కాలముచేతను చెఱుగవచ్చును. అందుచేత ముందుగా దానిని చదివి కంప్యూటరులో భద్రపఱచవలెను. 1997లో ఇటలీదేశీయుఁడైన నికోలా సాల్మోరియా ఆరంభించిన ‘మేమ్’ అను ప్రోగ్రాము ఇట్టి వ్రాఁతలను క్రొత్త కంప్యూటర్లపై నడపుచున్నది. అది కలశము. కలశము పూజ్యమే, మూర్తి బొత్తిగా శిథిలమైనచోట కలశమే దిక్కు. కాని బాగుపడఁదగిన మూర్తిని పాఱవైచి, కలశమును జూపి, ఆలయ ముద్ధరింపఁబడినదని చెప్పుట సత్యము కాదు. లక్కగుండు మాట వేఱు. అది చేతికి పూర్వపు పనినే చేయుచున్నది. తాను క్రొత్తదానినని దాఁచుకొనుటలేదు. పెట్టె వెనుకతలుపు లోపల నేను మార్చిన భాగముల పట్టికను, తేదీలతో, అంటించియున్నాను. మార్పు దోషము కాదు, మఱుఁగు దోషము.

ఇఁక లోకాచారము. ఆ దుకాణములలో పిడిని పట్టిన చేయి ఏ కులముదని యడుగుట నేనెఱుఁగను, నాణెమున్నవాఁడు ఆడెను. అది మంచి. అచ్చట ఆఁడుపిల్లలు కానవచ్చుట అరుదు; ఫీజు సొమ్ము ఆటపాలు చేసిన బాలురు లేకపోలేదు. అది చెడుగు. పాతదానియందలి ప్రీతిచేత ఈ రెండవదానిని గూడ ఉద్ధరింపవలెనా? మా యింట నాణెపు సందు పనిచేయును. కాని నాణెములు ప్రక్కనున్న గిన్నెలోనివే, మరల గిన్నెలోనికే చేరును. పెట్టెముందు మొదటి వంతు ఆఁడుపిల్లలది.

బిడ్డకు పుస్తకము కొనక ఆటపెట్టెకు వ్యయముచేయుట తగునా యని చదువరులు ప్రశ్నింపవచ్చును. తగదు. కాని పుస్తకము కొనిన పిమ్మట, చెడినదానిని విప్పి చూచి కారణమెఱుఁగు విద్యను ఇంటనే బిడ్డకు నేర్పుట వ్యర్థవ్యయము కాదు.

మన సంఘాచారములును ఇట్టి జీర్ణమైన పెట్టెలే. చెదలనుగూడ ప్రాచీనమని పోషించువా రొకవైపు, పెట్టెనంతయు పొయ్యిలో పెట్టుమనువారు వేఱొకవైపు నున్నారు. కళ యెచ్చటనున్నదో మొదట వెదకి, దానిని భద్రపఱచి, తరువాత చెదలను నిర్దాక్షిణ్యముగా దులుపుట సంస్కర్త పని. మార్చినదేదో పట్టిక వ్రాసి తలుపున కంటించుటయు ఆతని పనియే.