అవయవాలన్నీ మారిన యంత్రం అదేనా?

వడ్రంగి కార్ఖానాలో రంపం కోతకు లేచే పొట్టును, సన్నని కర్రధూళిని గాలితో పాటు లాగి వేరుచేసే డస్ట్ కలెక్టర్, కొన్నేళ్ల వాడకంలో తన భాగాలను దాదాపు అన్నిటినీ మార్చుకొంటుంది. వడపోత సంచి చిరుగుతుంది, వంగే గొట్టం పగులుతుంది, అతుకుల దగ్గరి రబ్బరు గాస్కెట్లు గట్టిపడతాయి, గాలిని లాగే ఇంపెల్లర్ రెక్కలు అరుగుతాయి. ఇవన్నీ మారాక మిగిలేది మొదటి యంత్రమేనా అన్న సందేహం తార్కికుల కాలక్షేపంగా కనిపించినా, ఏ విడిభాగం కొనాలన్న ప్రశ్న దానిమీదే ఆధారపడి ఉంది. దేనిని నిలబెట్టాలో తెలియకుండా ఏది సరిపోతుందో నిర్ణయించడం సాధ్యం కాదు.

ఈ సందేహం ప్రాచీనమైనది. పాత పలకలను ఒక్కొక్కటిగా మార్చుకొంటూ ఏథెన్సువారు కాపాడుకొన్న థీసియస్ ఓడ గురించి తత్త్వవేత్తలు రెండు పక్షాలుగా చీలిపోయారని ప్లూటార్క్ రాశాడు. న్యాయవైశేషికుల మతంలో అవయవి, అనగా భాగాలతో ఏర్పడిన వస్తువు, ఆ భాగాలకంటె భిన్నమైన ద్రవ్యం; అది వాటిలో సమవాయమనే విడదీయరాని సంబంధంతో ఉంటుందని తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహంలో సంగ్రహించాడు. ఈ మతాన్ని అనుసరిస్తే ఒక్క అవయవం తొలగినా పాత అవయవి నశించి కొత్తది పుడుతుంది. అదే ఇది అన్న గుర్తింపుకు సాదృశ్యమే ఆధారం. బౌద్ధగ్రంథమైన మిళిందపన్హంలో నాగసేన భిక్షువు ఇందుకు విరుద్ధంగా, రథమన్నది చక్రాలు, ఇరుసు మొదలైనవాటిని ఆశ్రయించి వాడే పేరు మాత్రమేనని మిళిందరాజుకు బోధిస్తాడు.

ఈ రెండు మతాలూ వస్తువు ఉనికిని చెబుతాయి గాని ఏ సంచి మంచిదో చెప్పవు. ఆ పనికి బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ప్రతిపాదించిన అర్థక్రియ, అనగా కార్యాన్ని సాధించగల సామర్థ్యమే సత్తుకు లక్షణమన్న సూత్రం, ఎక్కువగా ఉపకరిస్తుంది. 150 మిల్లీమీటర్ల గొట్టం స్థానంలో 100 మిల్లీమీటర్ల గొట్టాన్ని క్లాంపుతో బిగించవచ్చు. కాని గాలి పోయే వైశాల్యం సగానికంటె తగ్గి, ధూళి హుడ్‌కు అందకుండా బయటే మిగిలిపోతుంది. మరీ సన్నని నేత సంచి చిన్న రేణువులను పట్టినా, ఫ్యానుకు దాని నిరోధాన్ని తట్టుకొనే శక్తి లేకపోతే లాగుడే తగ్గిపోతుంది. పైగా కొత్త సంచి కంటె, లోపల పలుచని ధూళిపొర ఏర్పడిన సంచి మెరుగ్గా వడపోస్తుంది. ఆ పొర మందమైతే గాలి ఆడదు. కాబట్టి భాగానికి గుణం స్వతంత్రంగా లేదు, తక్కిన భాగాలతో దానికున్న సంబంధంలోనే ఉంది.

ఆ కార్యం నెరవేరిందని తెలిసేదెలా? నేల శుభ్రంగా కనిపించడం ప్రమాణం కాదు, ఎందుకంటే ఊపిరితిత్తుల లోపలి వరకు చేరే రేణువులు కంటికి ఆనవు. ప్రత్యక్షం చాలని ఇటువంటి చోట అనుమానప్రమాణం, అనగా గుర్తును బట్టి ఊహించడం, అవసరం. వడపోతకు ఇరువైపులా ఉండే పీడనభేదాన్ని చూపే గేజీ, పొగ నిప్పుకు వలె, అందుకు హేతువవుతుంది. అది ఎక్కువ చూపితే సంచి మూసుకొందని ఊహించవచ్చు. తక్కువ చూపితే సంచి చిరిగి ఉండవచ్చు, గొట్టం పూడి ప్రవాహమే తగ్గి ఉండవచ్చు. ఒకే సాధ్యానికి, అనగా నిరూపించవలసిన ఒకే విషయానికి, కట్టుబడని హేతువును తార్కికులు అనైకాంతికమంటారు గనుక, గేజీతో పాటు గాలివేగాన్ని కొలిచే సాధనం కూడా అనవసరపు అలంకారం కాదు.

ఇక ఆ కార్యం ఎవరికోసమన్నది ధర్మవిచారం. కర్రధూళి మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించింది. ఆ దృష్టితో చూస్తే, అసలు భాగాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా సన్నధూళిని కార్ఖానాలోకే తిరిగి వదులుతున్న యంత్రం తన స్వరూపాన్ని ఎప్పుడో కోల్పోయింది. సంచికి బదులు ముడతల కార్ట్రిడ్జి అమర్చి రూపమంతా మారినా, పనివాడి శ్వాసను కాపాడే యంత్రం అదే యంత్రంగా కొనసాగుతోంది. అందువల్ల అతుకులో అమరిందా, ధర తక్కువా అని మాత్రమే చూసి విడిభాగాన్ని ఎంచే యజమాని యంత్రాన్ని బాగుచేసినట్టు కాదు, దాని పేరుతో మరొకదాన్ని నిలబెట్టినట్టు.