ఫోన్ నంబరు ఎవరిది?

"ఫోన్ నంబరు చెప్పమ్మా" అన్నాడు కౌంటరు దగ్గరి అబ్బాయి, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే. ఆమె నా వైపు చూసింది. మా పక్కింటామె. పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని, ఎనిమిదేళ్లుగా కాంట్రాక్టు మీదే. షిఫ్టులు మారీ మారీ నిద్ర పోయింది. నిద్రతో పాటు ఇంకా ఏవేవో పోయాయి, అవన్నీ నాకు చెప్పలేదు. మానసిక వైద్యుడి దగ్గరికి నేనే తీసుకొచ్చాను.

"ఇంట్ల ఉన్నదొక్కటే ఫోను టీచరమ్మా, అది మా ఆయన జేబుల ఉంటది. పిచ్చి డాక్టరు కాడికి పోయిన్నని తెలిస్తే నన్ను బతకనిస్తడా?" అని నా చెవిలో అంది.

నా నంబరు చెప్పాను. డాక్టరు రాసిన చీటీ మెసేజీగా నా ఫోన్‌లోకి వచ్చింది. ఆమె పేరు, ఆమె వయసు, అల్ప్రాజోలామ్ 0.25 మిల్లీగ్రాములు, రాత్రి ఒకటి, పదిహేను రోజులకు. నంబరు మాత్రం నాది. ఆ రోజు నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఒక రికార్డును తప్పుగా రాయించాను కదా, అది అబద్ధమా, సాయమా?

ఇలాంటి మందులకు లెక్క ఎందుకో నాకు తెలుసు. అల్ప్రాజోలామ్ 1985 నాటి మత్తుమందుల చట్టం పరిధిలోకి వస్తుంది. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కింద మందుల షాపువాళ్లు వేరే రిజిస్టరు పెట్టాలి. రాసిన డాక్టరు పేరు, వాడే మనిషి పేరు, మందు, ఎన్ని ఇచ్చారో రాసి మూడేళ్లు దాచాలి. అమెరికా ఇంకో అడుగు ముందుకేసింది. న్యూయార్క్ రాష్ట్రంలో 2016 మార్చి 27 నుంచి, కొన్ని మినహాయింపులు పోను, మందుల చీటీలన్నీ కంప్యూటర్‌లోనే వెళ్లాలి. కాగితం చీటీలు దొంగిలించేవాళ్లు, దొంగ సంతకాలు పెట్టేవాళ్లు, నొప్పి మందులకు బానిసలై చనిపోయేవాళ్లు, కారణాలు గట్టివే. మన దగ్గర అలా తప్పనిసరి చేసిన చట్టం లేదు గానీ, ఆసుపత్రులు ఒక్కొక్కటీ ఆ దారి పడుతున్నాయి. పెన్నుతో గీకిన చీటీ కంటే అచ్చు చీటీలో మోతాదు స్పష్టంగా ఉంటుంది. అది మంచిదే.

లెక్క లేకపోతే ఏమవుతుందో ఈ ప్రాంతపు ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దంతా కూలి చేసి, ఒళ్లు నొప్పులకని కల్లు కాంపౌండుకు వెళ్లిన వాళ్ల సీసాలో ఇదే అల్ప్రాజోలామ్, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుస్తూ వచ్చాయి. ఆ మందుకు చీటీ లేదు, మోతాదు లేదు. తాగే మనిషికి తను మందు తింటున్నానన్న సంగతే తెలియదు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగిపోతే తెలంగాణ జిల్లాల్లో మనుషులు చేతులు వణికి, పొంతన లేని మాటలు మాట్లాడుతూ, ఫిట్స్‌తో ఆసుపత్రుల్లో చేరారు. వాళ్లను తాగుబోతులన్నారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు మళ్లీ ప్రాణాలు తీసింది. అందుకే రిజిస్టరు వద్దని నేను అనలేను.

కానీ ఆ కల్లులోకి వచ్చిన పొడి ఎక్కడిది? జిన్నారం, గుమ్మడిదల, బొల్లారం వైపు దొంగచాటుగా అల్ప్రాజోలామ్ తయారుచేస్తూ పట్టుబడ్డారన్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. పట్టుబడేది కిలోల్లో. ఒకసారి లెక్క వేసి చూశాను (లెక్కల టీచరును, అలవాటు). ఒక కిలో అంటే పక్కింటామె వేసుకునే మాత్రలు నలభై లక్షలు. ఆమెకు రాసినవి పదిహేను. ఆ పదిహేనుకు పేరు, వయసు, ఫోన్ నంబరు కావాలి. కిలో ఏ రాత్రి ఏ గేటు దాటి పోయిందో, ఎవరో చెప్పి పట్టిస్తే తప్ప తెలియదు. ఆ గేట్ల లోపల పనిచేసే మనుషుల లెక్క మాత్రం సరిగ్గా ఉంటుందా? 2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో నలభైమందికి పైగా చనిపోయారు. కొందరి ఆనవాళ్ల కోసం కుటుంబాలు రోజుల తరబడి ఆ గేటు ముందే కూర్చున్నాయి. అక్కడ తయారయ్యేది మాత్రలో మందుతో పాటు కలిపే తెల్లపొడి.

నిఘా ఎప్పుడూ చేతికి అందే చోటే మొదలవుతుందేమో. ఆడదాని పేరు అందినంత సులువుగా ఫ్యాక్టరీ అందదు.

2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం మన వైపే ఉంది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని, డిజిటల్ రూపంలో ఉన్నవాటికీ అది వర్తిస్తుందని 23, 24 సెక్షన్లు చెబుతున్నాయి. చదివినప్పుడు సంతోషించాను. అయితే ఆ రాత మనిషికొక ఫోన్ ఉన్న ఇంటిని ఊహించుకున్నట్టుంది. ఆసుపత్రి ఎవరికీ చెప్పలేదు, మెసేజీ మాత్రమే పంపింది. అది మొగుడి జేబులో మోగితే గోప్యత భంగమైనట్టు ఏ కాగితం మీదా ఉండదు. పోనీ ఫోన్‌లోనే డాక్టరుతో మాట్లాడి రాయించుకుందామంటే, 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఈ తరహా మందులను అలా రాయనివ్వవు. మనిషి వెళ్లాల్సిందే. అంటే ఒక రోజు కూలి, ఇంట్లో చెప్పడానికి ఒక అబద్ధం.

ఇదంతా రాశాక కూడా నా తప్పు నాకు కనిపిస్తూనే ఉంది. రేపు ఆమె పదిహేనూ ఒకేసారి మింగితే? డాక్టరు ఫోన్ చేసేది నాకు. నేను క్లాసులో ఉంటాను. ఆమెను మొగుడి నుంచి కాపాడానని అనుకుంటూ డాక్టరుకూ ఆమెకూ మధ్య నేను అడ్డం నిలబడలేదూ? ఇంకోటి, ఇప్పుడు ఆమె నిద్ర ఎంతో, బాధ ఎంతో నా ఫోన్‌లో ఉంది. నేను మంచిదాన్ని కాబట్టి ఫర్వాలేదని ఎవరు చెప్పాలి? మొగుళ్లూ అదే అనుకుంటారు.

ఈ మాటే ఆమెతో అన్నాను. కొత్త సిమ్ కొనిస్తానన్నాను. నవ్వింది. "సిమ్ము దాస్తగని, ఫోను యాడ దాయను టీచరమ్మా?"

నిన్న సాయంత్రం గోడ అవతల నుంచి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది, "వచ్చిందా?" అని. వచ్చింది. ఈసారి ఇరవై రోజులకు రాశారు. తెల్లకాగితం మీద అక్షరాలు పెద్దవి చేసి రాసి ఇచ్చాను. మెసేజీ ఇంకా తీసేయలేదు.