యాదృచ్ఛికమును ధర్మమును

గద్వాలకు ఒకవైపున కృష్ణయు, మరియొకవైపున తుంగభద్రయు ప్రవహించుటచే ఆ సీమను నడిగడ్డ యందురు. కృష్ణ కావలియొడ్డున వనపర్తి సీమయు, దిగువన నాగర్‌కర్నూలు సీమలోని కొల్లాపురమును గలవు. 2009వ సంవత్సరము అక్టోబరు మాసారంభమున ఈ రెండు నదులును ఒక్కమారుగా పొంగెను. అలంపురము, రాజోలి జలమయములయ్యెను. నేతగాండ్ర మగ్గములు నీట మునిగెను. ఇట్టి వేళల "ఇది పాపఫలము" అని కొందరును, "తలవ్రాత, మన చేతిలో నేమున్నది" అని కొందరును పలుకుదురు. ఈ రెండు మాటలును విమర్శింపదగినవి.

ఏ మేఘము ఏ పొలముపై వర్షించునో ఎవ్వరును ముందుగా చెప్పజాలరు. అయినను పెక్కేండ్ల వర్షపాతమును కొలిచి వ్రాసియుంచినయెడల అందొక క్రమము గోచరించును. పాత్రలోని వాయువునందు ఒక్కొక్క అణువు గతి మన మెరుగము. కాని వాయువు కలిగించు ఒత్తిడిని గణింపగలము. మాక్స్‌వెల్, బోల్ట్‌జ్‌మన్ పండితులు పందొమ్మిదవ శతాబ్దమున నిరూపించిన దిదియే. విడివిడిగా యాదృచ్ఛికమైనది సమూహమున నియమబద్ధ మగుచున్నది. విశ్వనియంత శాసన మిట్లును వర్తించునని మా విశ్వాసము.

1926లో ఒరిస్సాయందు బ్రాహ్మణీనది పొంగినపుడు, నదీగర్భము మెరకయైనదనియు, కట్టలు ఎత్తుచేయవలయుననియు ఇంజనీర్లు తలంచిరి. బ్రాహ్మకుటుంబమున జనించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ సుమారు 60 ఏండ్ల లెక్కలను పరిశీలించి, నదీగర్భము పెరుగలేదనియు, అతివృష్టియే కారణమనియు తేల్చెను. 1931లో కలకత్తాయందు భారతీయ గణాంకశాస్త్ర సంస్థను స్థాపించినది ఈయనయే.

నూరేండ్ల వరద యనగా, ఒకమారు వచ్చిన పిమ్మట 99 ఏండ్లు అభయమని యర్థము కాదు. ప్రతి సంవత్సరమును నూటి కొకపాలు సంభావ్యత గలదని యర్థము. పల్లపునేలను ఇల్లు కట్టి 30 ఏండ్లు నివసించువానికి ఒక్కమారైనను ఆ యాపద కలుగుటకు నూటికి 26 పాళ్లు అవకాశము గలదు. ఈ లెక్క పుణ్యాత్ముని, పాపాత్ముని వేరుచేయదు. పల్లమును, మెరకను మాత్రమే వేరుచేయును.

మెరకను గృహముగలవాడు పల్లపువాని కష్టమును కర్మ యనుట సులభము. ఆ మాటచే వాని దుఃఖమునకు నింద తోడగును, మన బాధ్యత తొలగును. సోదరులారా! నదీమట్టములను ఏటేట వ్రాయించి గ్రామస్థులకు చదివి వినిపించుటయు, బీదలకు మెరకను నివేశనస్థలము లొసగుటయు ఈశ్వరోపాసనలో భాగములుగా మేము తలంచుచున్నాము.