వీలునామా వ్రాయడం అపశకునమా?



ఏటా నవంబరు 2న పూలు, కొవ్వొత్తులు పట్టుకొని సమాధుల తోటకు వెళ్తాం. మరణం ఎవరికీ తప్పదని గురువుల ప్రసంగంలో విని తలలూపుతాం. కాని ఇంటికి వచ్చాక "నాన్నా, ఇంటి సంగతి ఏమైనా వ్రాసి ఉంచారా?" అని బిడ్డ అడిగితే, "నేనెప్పుడు పోతానా అని చూస్తున్నారా?" అని కసురుకుంటాం. సమాధి దగ్గర ఒప్పుకున్న సత్యాన్ని ఇంటి గడప దగ్గర కాదంటామన్నమాట!

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. ఎల్.బి.నగర్‌ను ఊరి చివర అనుకునే రోజుల్లో తండ్రి అక్కడ 180 గజాల స్థలం కొని ఇల్లు కట్టాడు. 2018లో దిల్‌సుఖ్‌నగర్ మీదుగా అక్కడికి మెట్రో రైలు వచ్చింది. స్థలం విలువ పెరిగింది. తండ్రి ఏమీ వ్రాయకుండానే కన్నుమూశాడు. తల్లి, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు మిగిలారు. "అక్కలకు కట్నాలిచ్చి పంపేశాం, ఇల్లు నాదే" అంటాడు కొడుకు. నిజమేనా?

కానే కాదు. క్రైస్తవులమైన మనకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా లేకుంటే మూడింట ఒక వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు ఆడ మగ భేదం లేకుండా పిల్లలందరికీ సమానంగా చెందుతాయి. అంటే తల్లికి 60 గజాలు, ఒక్కో బిడ్డకు 40 గజాలు. తండ్రి తన జీవితకాలంలో బిడ్డకు ఇచ్చిన సొమ్మును ఈ వాటాలో మినహాయించరాదు.

కొడుకులకు పుట్టుకతోనే హక్కు అనే ఉమ్మడి కుటుంబ నియమం కూడా మనకు లేదు. బళ్లారిలో మాథ్యూ అబ్రహాం అనే క్రైస్తవ వ్యాపారి 1842లో వీలునామా లేకుండా మరణించాడు. ఉమ్మడి కుటుంబమంటూ తమ్ముడు వాటా కోరగా, భార్య షార్లెట్ ఎదిరించింది. క్రైస్తవుడైనవానికి పాత హిందూ ధర్మశాస్త్రం ఇక తప్పనిసరి కాదని ప్రివీ కౌన్సిల్ 1863లో గాని తేల్చలేదు. మరణానికీ తీర్పుకూ మధ్య 21 ఏళ్లు! ఆ ఇంట బంధుప్రీతి ఏమై ఉంటుందో ఆలోచించండి.

మన ఆస్తిని మనకు నచ్చినవారికి వ్రాసే స్వేచ్ఛ చట్టం మనకిచ్చింది. భార్యకు ఒక్క గజమైనా మిగల్చకుండా వ్రాసినా, ఆ కారణంగా వీలునామా చెల్లకుండా పోదు. చట్టం ఊరుకున్నచోట మనస్సాక్షి మాట్లాడాలి. చట్టం అందరికీ సమానంగా పంచుతుంది గాని, నడవలేని బిడ్డ ఎవరో, మంచం పట్టిన తల్లికి సేవ చేసిన కూతురు ఎవరో, ఇంటి అప్పు తీర్చిన కొడుకు ఎవరో దానికి తెలియదు. మీకు తెలుసు. అందుకే వ్రాయవలసిన బాధ్యత మీదే. అయితే కట్నం సాకుతో కూతుర్ని తప్పించడానికి ఆ కలాన్ని వాడితే, అది అన్యాయానికి సంతకం చేయడమే.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు. మీరు సంతకం చేశాక, ఇద్దరు సాక్షులు మీ ఎదుట సంతకాలు చేయాలి. ఆస్తి పొందేవారినిగాని, వారి భార్యనుగాని, భర్తనుగాని సాక్షిగా పెట్టకండి. వారికి వ్రాసిన భాగం చెల్లదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాని చేయిస్తే మేలు. కోర్టులో ప్రొబేటు తప్పక పొందాలన్న నిబంధన నుండి 2002 సవరణ భారతీయ క్రైస్తవులను మినహాయించింది. బ్రతికున్నంత కాలం, తెలివి ఉన్నంత కాలం మార్చుకోవచ్చు.

ఆస్తి పంచమని అన్న మీద ఫిర్యాదుతో వచ్చినవానికి క్రీస్తునాథుడు తీర్పరిగా ఉండనన్నాడు, పేరాశ గురించి హెచ్చరించాడు. అదే ప్రభువు సిలువపై ప్రాణం విడిచే ముందు తన తల్లిని ప్రియ శిష్యునికి అప్పగించాడు. ఆయనకు సెంటు భూమి లేదు. అయినా తల్లి దిక్కులేనిది కాకూడదనుకున్నాడు.

ఈ రాత్రి జపమాల ముగిశాక, భార్యాబిడ్డలను కూర్చోబెట్టుకొని ఈ మాట ఎత్తండి.