కెమెరా ఎటు చూస్తోంది?

"గోడలకు చెవులుంటాయి, మెల్లగా మాట్లాడు" అని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అంటుంటారు. ఇప్పుడు గోడలకు కళ్ళు కూడా వచ్చాయి. మన చెన్నైలో ఏ వీధిలో తలెత్తి చూసినా ఒక కెమెరా కనిపిస్తుంది. పోలీసువాళ్ళే దానికి "మూడో కన్ను" అని పేరు పెట్టి, ఇళ్ళకూ అంగళ్ళకూ పెట్టించుకోమని ప్రచారం చేశారు. గొలుసు తెంపుకుపోయినవాళ్ళు, బండ్లు ఎత్తుకుపోయినవాళ్ళు దానివల్ల దొరుకుతున్నారు. అది మంచిదే. కాని దొంగ కోసం పెట్టిన కెమెరా పక్కింటి కిటికీని, ఎదురింటి వాకిలిని చూస్తుంటే ఏం చెయ్యాలి? ఇరుగుపొరుగు కదా అని ఊరుకోవాలా? ఫిర్యాదు చెయ్యాలా? చేస్తే ఎవరు చెయ్యాలి?

ఈ మాట ఎత్తగానే చాలామంది చెప్పే జవాబు ఒకటుంది. "తప్పు చెయ్యనివాళ్ళకు భయమెందుకు?" అంటారు. నాకు ఈ జవాబు సరిగ్గా అనిపించదు. స్నానానికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకునేది తప్పు చెయ్యడానికా? అమ్మా నాన్నా డబ్బు విషయం మాట్లాడుకునేటప్పుడు తలుపు దగ్గరగా వేసుకుంటారు. అదీ తప్పు కాదు. దాచుకోవడం వేరు, మన పని మనం చేసుకోవడానికి కొంచెం చాటు కావాలనుకోవడం వేరు.

ఇంకొందరు, "మనం ఉండేదే ఇరుకు ఇళ్ళల్లో. ఎలాగూ అందరూ అందరినీ చూస్తూనే ఉంటారు, కెమెరా చూస్తే ఏం పోయింది?" అంటారు. ఇది ఆలోచించవలసిన మాటే. నిజంగానే లైను ఇళ్ళల్లో ఒకరింట్లో తాలింపు వేస్తే అందరికీ తెలుస్తుంది. కాని పక్కింటి అత్త నన్ను చూస్తే నేనూ ఆమెను చూస్తాను. నేను తడి జుట్టుతో బయటికి వస్తే ఆమె ముఖం అటు తిప్పుకుంటుంది. చూసింది రేపటికి మరిచిపోతుంది. కెమెరా ముఖం తిప్పుకోదు, మరిచిపోదు. అది చూసింది ఫోనులో ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు, ఇంకొకరికి పంపవచ్చు. అవతల ఎవరు చూస్తున్నారో మనకు తెలియదు.

ఇంగ్లండులో జెరెమీ బెంథాం అనే తత్త్వవేత్త 18వ శతాబ్దం చివర ఒక జైలు నమూనా ఆలోచించాడు. గుండ్రంగా కట్టిన గదులు, నడిమధ్య ఒక బురుజు. బురుజులో కాపలావాడు ఖైదీలందరినీ చూడగలడు. ఖైదీలకు మాత్రం వాడు కనిపించడు. వాడు ఇప్పుడు చూస్తున్నాడో లేదో తెలియదు కాబట్టి ఖైదీలు ఎప్పుడూ చూస్తున్నట్టే నడుచుకుంటారు. కెమెరా కూడా అలాంటిదే. అది పని చేస్తోందో, చెడిపోయిందో, ఉత్త డమ్మీయో కింద నిలబడ్డవాళ్ళకు తెలియదు. అయినా కొంగు సర్దుకోవలసిందే. బెంథాం ఆ బురుజును ఖైదీల కోసం అనుకున్నాడు. నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళు ఏ నేరం చేశారని వాళ్ళకు ఆ బురుజు?

నేను ఊహించి చెప్పడం లేదు. మాకు దగ్గరలోనే ఒక లైను ఇళ్ళున్నాయి. ఆరు కాపురాలు, మధ్యలో ఒకే కుళాయి, చివర రెండు స్నానాల గదులు. బైకు పోయిందని యజమాని మెట్ల పైన కెమెరా పెట్టించారు. అది గేటుతో పాటు కుళాయిని, స్నానాల గదుల తలుపులను కూడా చూస్తుంది. ఆయన చెడ్డవారని ఎవరూ అనలేదు. కాని నెల తిరక్కముందే అక్కడ అన్నీ మారిపోయాయి. గిన్నెలు తోముతూ కబుర్లు చెప్పుకునే అత్తలు బిందె నిండగానే లోపలికి వెళ్ళిపోయేవారు. కాలేజీకి వెళ్ళే ఒక అక్క తెల్లవారకముందే లేచి చీకట్లో స్నానం చేసి వచ్చేది. చీకట్లో కూడా ఆ కెమెరాకు కనిపిస్తుందని ఆమెకు తరవాత తెలిసింది.

"మరి ఆయనతో చెప్పొచ్చు కదత్తా?" అని అక్కడున్న ఒకావిడను అడిగాను. "అద్దెకున్నవాళ్ళం తల్లీ. నోరెత్తితే ఖాళీ చెయ్యమంటారు. ఈ అద్దెకు, పిల్లల స్కూలు దగ్గర, ఇంకో ఇల్లు దొరుకుతుందా?" అంది.

ఆ మాట విన్నాక నాకు అసలు ప్రశ్న ఇదీ అని అర్థమయింది. ఫిర్యాదు చెయ్యడం న్యాయమా కాదా అన్నది అంత కష్టమైన ప్రశ్న కాదు. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ళే ఫిర్యాదు చెయ్యలేని చోట ఆ పని ఎవరిది? కష్టమైన ప్రశ్న అది.

చట్టం ఏం చెబుతుందో కూడా చూద్దాం. 24-8-2017న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత మన ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. రాజ్యాంగంలో 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులోనే అది ఉందని చెప్పింది. ఆ కేసు వేసినవారు కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి గారు. 2012లో ఆయన కోర్టుకు వెళ్ళేటప్పటికి వయసు 80 దాటింది. ఇక 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షను ఉంది. ఎవరూ చూడరనుకునే చోట ఒక స్త్రీ స్నానం లాంటి సొంత పనిలో ఉండగా దొంగతనంగా చూసినా, చిత్రం తీసినా మొదటిసారికే ఒక సంవత్సరం నుంచి మూడు సంవత్సరాల వరకు జైలుశిక్ష పడుతుంది.

కాని కుళాయి దగ్గర కూర్చోవడం, వాకిట్లో జుట్టు ఆరబెట్టుకోవడం ఆ సెక్షనులోకి సులభంగా రావు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, ఒక మనిషి తన సొంత, ఇంటి అవసరానికి వాడుకునే సమాచారానికి వర్తించదు. అంటే చట్టం అన్ని చోట్లా గీత గీసి పెట్టలేదు. మిగిలిన గీత మన మంచిచెడ్డలే గీసుకోవాలి.

ఆ గీత ఎక్కడ గియ్యాలో చెప్పడానికి ఒక పరదేశపు కేసు నాకు సాయపడింది. చెక్ దేశంలో ఒకాయన ఇంటి కిటికీలను ఎవరో పదే పదే పగలగొట్టారు. ఆయన కెమెరా పెట్టాడు. అది తన గుమ్మంతో పాటు వీధిని, ఎదురింటి గుమ్మాన్ని కూడా చూసేది. అనుమానితులు దొరికారు కూడా. అయినా 2014లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం, కెమెరా వీధిని చూస్తుంటే అది ఉత్త ఇంటి వ్యవహారం కాదు, చట్టం పరిధిలోకి వస్తుంది అంది. అదే తీర్పులో, ఇంటిని కాపాడుకోవాలన్న ఆయన అవసరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని చెప్పింది. రెండు పక్షాలనూ చూడటమంటే ఇదే. ఆయన భయం నిజం, ఎదురింటివాళ్ళ ఇబ్బందీ నిజం. కెమెరా కొంచెం తిప్పితే రెండూ తీరిపోయేటప్పుడు తిప్పననడం మాత్రం న్యాయం కాదు.

ఆ లైను ఇళ్ళ సంగతికి వస్తే, చివరికి అడిగింది పక్క వీధిలో సొంత ఇల్లున్న, రిటైరైన ఒక మాస్టారు తాతగారు. ముందు యజమాని దగ్గరికి వెళ్ళి మర్యాదగా చెప్పారు. "నా ఇల్లు, నా గోడ, నా కెమెరా" అన్నారు ఆయన. పది రోజులు చూసి తాతగారు పోలీసుస్టేషనులో కాగితం ఇచ్చారు. అందులో అద్దెవాళ్ళ పేరు ఒక్కటీ రాయలేదు. కెమెరా ఎక్కడుంది, ఎటు చూస్తోంది, వీధిలో నిలబడి తీసిన దాని ఫోటో, అంతే. ఒక కానిస్టేబులు వచ్చి చూసి వెళ్ళాక కెమెరా గేటు వైపు తిరిగింది. యజమాని ఇప్పటికీ తాతగారితో మాట్లాడరు. పండగకు పలహారాలు ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఆగిపోయింది.

ఫిర్యాదుకు ఒక ఖరీదు ఉంటుందని నేను దీనివల్ల తెలుసుకున్నాను. అదే ఖరీదు అద్దెకున్న అత్తకు ఇల్లు, తాతగారికి ఒక స్నేహం. స్నేహం పోవడం చిన్న నష్టం కాదు, కాని దాన్ని ఆయన భరించగలరు. అందుకే నా అభిప్రాయం ఇది: ఎవరి కిటికీ అయితే వాళ్ళే అడగాలి అనడం తప్పు. ఎవరికి తక్కువ నష్టమో వాళ్ళు ముందు అడగాలి. "మనకెందుకు వచ్చిన గొడవ" అని సొంత ఇల్లున్నవాళ్ళు ఊరుకుంటే, ఆ ఊరుకోవడానికి ఖరీదు ఇంకెవరో కడుతుంటారు.

అయితే అడగడానికీ ఒక పద్ధతి ఉంది. మొదట యజమానితోనే మాట్లాడాలి. చాలామందికి తమ కెమెరా ఎంతవరకు చూస్తోందో తెలియదు. తిప్పడానికి వీలు లేకపోతే, ఆ భాగాన్ని నల్లగా మూసే వసతి చాలా కెమెరాల్లోనే ఉంటుంది. వినకపోతే అసోసియేషనుకు, ఆ తరవాత స్టేషనుకు కాగితం రాసి ఇవ్వాలి. ఇచ్చినందుకు రసీదు అడిగి తీసుకోవాలి. మన తమిళనాడులో దాన్ని సి.ఎస్.ఆర్. అంటారు. ఎంత కోపం వచ్చినా రాయి విసిరి కెమెరా పగలగొట్టకూడదు. అలా చేస్తే తప్పు మన వైపుకు వస్తుంది. ఊహించుకున్నది రాయకూడదు, కనిపించింది మాత్రమే రాయాలి.

ఈ పత్రిక చదివే అమ్మానాన్నలకు, టీచర్లకు ఒక మనవి. మీ ఇంటికి కెమెరా ఉంటే ఈ రోజే ఒకసారి ఫోను తీసి, మీ గేటు కాక ఇంకేం కనిపిస్తోందో చూడండి. అందులో పక్కింటివాళ్ళ తలుపు ఉంటే, వాళ్ళు అడిగేదాకా ఆగకండి. వాళ్ళు అడగలేకపోవచ్చు.