ఏ ఏరియాలో ఇల్లు తీసుకోవాలి? ఉపనందుడు చెప్పిన మాట

ఈ రోజు గుడి గురించో, వ్రతం గురించో కాదు, ఇల్లు మారడం గురించి మాట్లాడుకుందాం.

విజయవాడ నుంచో వైజాగ్ నుంచో హైదరాబాద్‌కి మారుతున్న కుటుంబం అనుకోండి. భార్యాభర్తలు, నాలుగేళ్ల పాప, తోడుగా అమ్మమ్మ. ఆఫీసు గచ్చిబౌలిలో. కొండాపూర్‌లో గేటెడ్ కమ్యూనిటీ అయితే ఆఫీసు దగ్గర, పార్కు ఉంది, గేటు దగ్గర సెక్యూరిటీ ఉంది. మల్కాజిగిరిలోనో వనస్థలిపురంలోనో అయితే అద్దె తక్కువ. సందు చివర గుడి, వీధిలోకి కూరగాయల బండి, పలకరించే పెద్దవాళ్లు. కానీ ఆఫీసుకి పోయి రావడానికే రోజులో మూడు గంటలు పోతాయి. ఏది ఎంచుకోవాలి?

పైకి ఇది బడ్జెట్ లెక్క. లోపల మాత్రం ఒక ధర్మసందేహం ఉంది. నా బిడ్డకి మంచి చోటు వెతుక్కోవడం స్వార్థమా, ధర్మమా?

భాగవతం దశమ స్కంధంలో సరిగ్గా ఇలాంటి ఘట్టమే ఉంది. గోకులంలో పూతన వచ్చింది, బండి మీద పడబోయింది, సుడిగాలి బాలుణ్ణి ఎత్తుకుపోయింది, చివరికి రెండు మద్దిచెట్లు కూలాయి. అప్పుడు గోపకులంతా కూర్చుని ఆలోచించారు. వాళ్లలో వయసులోనూ జ్ఞానంలోనూ పెద్దవాడైన ఉపనందుడు చెప్పాడు: ఇక్కడ పిల్లలకి క్షేమం లేదు, బృందావనానికి పోదాం. అక్కడ కొండ ఉంది, పచ్చిక ఉంది, ఆవులకీ మనుషులకీ అందరికీ అనువుగా ఉంటుంది. అందరూ సరే అన్నారు. ముసలివాళ్లని, పిల్లల్ని, ఆడవాళ్లని, సామాన్లని బండ్లకెక్కించారు. ఆవుల్ని ముందు నడిపించుకుంటూ బయల్దేరారు.

అంటే పిల్లల కోసం ఊరు మారడం తప్పు కాదు. ఉన్న ఊరు వదిలేశామన్న బాధ మీకుంటే ఉపనందుణ్ణి తలుచుకోండి.

అయితే ఆయన లెక్క పిల్లల దగ్గరే ఆగిపోలేదు. ఆవుల మేత చూశాడు, అంటే జీవనోపాధి. అందరి సౌకర్యమూ చూశాడు. మనం స్కూల్ రేటింగ్ చూసి ఫ్లాట్ ఖాయం చేసుకుంటాం. అమ్మమ్మ ఒంటరిగా నడిచి గుడికి వెళ్లగలదా? పొద్దున్నే నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి ఆమెకి మనిషి దొరుకుతుందా? నాన్న ఇంటికొచ్చేసరికి పాప రోజూ నిద్రపోతుంటే, గుడి పక్కన ఇల్లు ఉండి మాత్రం ఏం లాభం? వీటికి ఒకే జవాబు లేదు. కొందరికి కొండాపూరే సరైనది, కొందరికి వనస్థలిపురం. ఇంట్లో ఒక్కరి సుఖానికి ఇంకొకరు మౌనంగా వెల కట్టకూడదు, అంతే.

కథ ఇంకా ఉంది. బృందావనం వెళ్లాక కష్టాలు ఆగాయా? వత్సాసురుడు వచ్చాడు, బకాసురుడు వచ్చాడు. కాళియుడి విషం కలిసిన యమున నీళ్లు తాగి ఆవులు, గోపబాలురు పడిపోయారు. అప్పుడు కృష్ణుడు వాళ్లని బతికించి, ఆ మడుగులోకే దూకాడు. నీళ్లు మళ్లీ అందరూ తాగేలా చేశాడు. ‘మా ఇంటి నీళ్లు బాగుంటే చాలు’ అనుకోలేదు.

మన నగరానికి ఇది సూటిగా తగులుతుంది. 2020 అక్టోబర్ వానలకి హైదరాబాద్‌లో ఎన్నో కాలనీలు మునిగాయి. చెరువు శిఖం భూముల్లో, నాలాల మీద కట్టుకుంటూ పోతే నీళ్లు ఎక్కడికి పోతాయి? రేటు తక్కువగా ఉందని అలాంటి చోట కొంటే నష్టం మనకే కాదు, నీళ్లు మళ్లిన పక్క బస్తీకి కూడా. కాబట్టి కొనేముందు అది చెరువు స్థలమా అని విచారించడం లీగల్ జాగ్రత్తే కాదు, ధర్మం కూడా. ఎండాకాలంలో ఎన్ని ట్యాంకర్లు తెప్పించుకుంటారో కూడా అడగండి. హైదరాబాద్ కుళాయిల్లోకి కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వస్తున్నాయి. ఆ నీళ్లని ఎలా వాడుతున్నారో చూస్తే ఆ కాలనీ మనసు తెలుస్తుంది.

ఇంకో మాట, కాస్త ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. ‘మంచి ఏరియా’ అనేటప్పుడు చాలాసార్లు మన మనసులో ఉండేది ‘మనలాంటి వాళ్లే ఉండే ఏరియా’. కొన్ని అపార్ట్‌మెంట్లలో పనిమనిషికి లిఫ్ట్ కూడా వేరే. ఇంట్లో మనం ‘అందరిలోనూ దేవుడున్నాడు’ అని పాపకి నేర్పిస్తాం. లిఫ్ట్ దగ్గర తను ఇంకో పాఠం నేర్చుకుంటుంది. రెండింట్లో ఏది గుర్తుంటుందో మనకి తెలుసు. భద్రత కావాలి, కాదనను. గేటు ఉండటం తప్పు కాదు. గేటు బయట ఉన్నవాళ్లు మనుషులుగా కనిపించకపోవడమే తప్పు.

అందుకే ఇల్లు చూడటానికి ఆదివారం పొద్దున కాదు, మామూలు రోజు సాయంత్రం ఏడింటికి వెళ్లండి. ఓ గంట ఆ వీధిలో నడవండి. పిల్లలు ఆడుకుంటున్నారా, పెద్దవాళ్లు బయటికొస్తున్నారా, వాచ్‌మన్‌తో జనం ఎలా మాట్లాడుతున్నారు, చూడండి. తర్వాత ఇంటికొచ్చి అమ్మమ్మతో సహా అందరూ కూర్చుని మాట్లాడుకోండి. గోపకులు చేసింది అదే కదా!

చేరిన వారంలోనే పక్కింటివాళ్ల పేర్లు, వాచ్‌మన్ పేరు పాపకి నేర్పించండి.