కంటతడి చాలునా?



మన పల్లెలలో పాటకు కొదువ లేదు. కోత పండుగకు భజన, క్రిస్మసుకు నాటకము, వేసవి కూటములలో బుర్రకథ. గుమ్మెట మ్రోగినదంటే పిన్న పెద్దలందరు చాపలు పట్టుకొని వచ్చి కూర్చుందురు. కథలో నిర్దోషికి శిక్ష పడినప్పుడు తల్లులు కొంగుతో కన్నులు ఒత్తుకొందురు. అంతలో తెల్లవారును. రాత్రి దిక్కులేనివాని కథ విని ఏడ్చినవారమే, ఉదయమున వాకిట నిలిచిన కూలివానికి ఏ గ్లాసులో టీ పోయవలెనో వెదకుదుము.

ఎవరినో నిందించుటకు ఈ మాట వ్రాయుట లేదు. మనమందరము ఆలోచింపవలసిన ప్రశ్న యొకటి ఇందులో ఉన్నది. మంచి పాట, మంచి కథ మనుష్యుని మార్చగలదా? లేక ఒక రాత్రి మెత్తబరచి మరల విడిచిపెట్టునా? దీనికి జవాబు మన తెలుగు నేలమీదనే, ఒక తండ్రి బ్రతుకునందును అతని కుమార్తె బ్రతుకునందును దొరకుచున్నది.

తండ్రి గుఱ్ఱము జాషువా. ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించెను. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. అంటరానివాడను మాట ఆయనను చిన్ననాటనుండి వెంటాడెను. మాటలు రాని సినిమాలు ఆడు దినములలో, పొట్టకూటికై రాజమహేంద్రవరము వెళ్ళి, బొమ్మ నడుచుచుండగా ప్రేక్షకులకు కథ చదివి వినిపించెను. తరువాత గుంటూరులో లూథరన్ మిషనువారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో బోధించెను. సంస్కృతము నేర్చి పద్యము చెప్పుచుండగా, నీకు కవిత్వమెందుకు అని అగ్రవర్ణములవారు కొందరు ఈసడించిరి. క్రైస్తవునికి పురాణ కథలెందుకు అని సంఘములోనివారు కొందరు ఆక్షేపించిరి. రెండు వాకిళ్ళును ఆయనకు సగమే తెరువబడెను.

అట్టి మనుష్యుడు 1941లో గబ్బిలము అను కావ్యమును వెలువరించెను. దక్షిణమున తంజావూరు సీమలో ఒక అంటరాని పేదవాడు. దేవునితో తన మొర చెప్పుకొనవలెనని వాని కోరిక. గాని గుడి తలుపు వానికి మూసియున్నది. రాత్రివేళ గుడిసెలోనికి వచ్చిన గబ్బిలముతో, నీవు కాశికి పోయి ఈశ్వరుని చెవిలో నా సంగతి చెప్పుమని వేడుకొనును. పూర్వము కాళిదాసు తన కావ్యములో మేఘమును దూతగా పంపెను. ఈ పేదవానికి దొరకిన దూత గబ్బిలము! మన చింతలపూడి ప్రాంతపు చెట్లకు తలక్రిందుగా వ్రేలాడు జీవియే అది. ఇంటిలో దూరినచో అపశకునమని చీపురుతో తరుముదుము. ఆ జీవికి గర్భగుడిలో చోటున్నది. గుడి గోడలకు రాయి మోసిన మనుష్యునికి లేదు.

జాషువా మనలను ఏడిపించుటకే ఈ కథ చెప్పెనని తలంపవద్దు. ఆయన మన యెదుట ఒక తీర్పును పెట్టెను. ఏ నేరమును చేయకమునుపే, తల్లి గర్భమున ఉండగానే, ఒకని మీద వ్రాయబడిన తీర్పు అది. దానిని వ్రాసినది ఎవరు? దాని క్రింద నేటికిని చేవ్రాలు చేయుచున్నది ఎవరు? ఇదే ఆ గబ్బిలము మోసికొనిపోయిన ప్రశ్న.

పండితులు ఆ కావ్యమును మెచ్చిరి. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారంతటి వృద్ధకవి తన చేతులతో జాషువా కాలికి గండపెండేరము తొడిగిరి. 1964లో క్రీస్తు చరిత్ర అను కావ్యమునకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును, 1970లో పద్మభూషణ్ బిరుదును వచ్చెను. 1971 జూలై 24న ఆయన గుంటూరులో కన్నుమూసెను. సన్మానములు నిజమైనవే. గాని ఆ సన్మాన సభలనుండి ఇంటికి పోయినవారందరు తమ ఊరి బావి దగ్గర, తమ ఇంటి పంక్తిలో పాత హద్దులను చెరిపివేసిరా? లేదు. పద్యమునకు చప్పట్లు కొట్టుట సులువు. పద్యము అడిగిన పని చేయుట కష్టము.

ఇక కుమార్తె సంగతి. హేమలత 1932లో జన్మించెను. 1960లో నాస్తికోద్యమ నాయకుడైన గోరాగారి కుమారుడు లవణమును వివాహమాడెను. ఆమెయు కలము పట్టిన రచయిత్రియే, గాని కలముతో ఆగలేదు.

బాపట్ల దగ్గర స్టువర్టుపురమును గూర్చి మీరు వినియుందురు. ఆంగ్ల ప్రభుత్వము 1871లో ఒక చట్టము చేసి, కొన్ని జాతులవారు పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసెను. తరువాత ఆ చట్టము మన ప్రాంతమునకును వచ్చెను. దాని ప్రకారము 1913లో ఎరుకలవారి కొరకు ఏర్పరచిన ఊరు స్టువర్టుపురము. సాల్వేషన్ ఆర్మీవారు దానిని నడిపిరి. బడియు సేద్యపు భూమియు కలిగెను. అయినను అది చట్టపు కంచెలోని ఊరు. మనుష్యులు దినదినము హాజరు చెప్పుకొనవలసి యుండెను. 1952లో దేశమంతట ఆ చట్టము పోయెను, ముద్ర పోలేదు. ఆ ఊరివాడని తెలిసినచో పని ఇచ్చువారు లేరు. పని లేనివాడు మరల దొంగతనమునకు పోవును. పోయినచో, చూచితిరా, మేము ముందే చెప్పితిమి అని లోకము అనును.

1970ల దశకములో హేమలత, లవణము ఆ ఊరిలో అడుగుపెట్టిరి. ఇంటింటికి పోయి, నేరము మానుమని చెప్పుటతో సరిపెట్టుకొనక, మానినవాడు బ్రతుకుటకు దారి చూపవలెనని ప్రభుత్వముతో మాటలాడిరి. అటుపిమ్మట నిజామాబాదు జిల్లాలో జోగినుల నడుమ పనిచేసిరి. అక్కడ దళిత కుటుంబముల ఆడపిల్లలను పసితనముననే గ్రామదేవతకు అర్పించినట్లు చేసి, పెండ్లి లేకుండ ఊరి పెద్దల పాలుచేయు ఆచారముండెను. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దానిని నిషేధించుచు చట్టము చేసెను. ఆ స్త్రీల కొరకు ఏర్పడిన ఆశ్రయమునకు పెట్టిన పేరు చెల్లి నిలయము. ఊరంతయు జోగిని అని పిలిచినదానిని చెల్లి అని పిలుచుట! తీర్పును కొట్టివేయుట ఆ ఒక్క పిలుపుతో ఆరంభమాయెను. హేమలత 2008లో మరణించెను.

చదువరులారా, తండ్రి పద్యములోని మనుష్యుడు, స్టువర్టుపురపు బిడ్డ, జోగినిగా చేయబడిన పసిపిల్ల, ఈ ముగ్గురి సంగతి ఒక్కటే. వారేమి చేసిరని కాదు, ఎక్కడ పుట్టిరని అడిగి లోకము వారికి శిక్ష వేసినది. తండ్రి ఆ తీర్పును చదివి వినిపించెను. కుమార్తె ఆ తీర్పు పొందినవారి ఇంటికి వెళ్ళెను.

ఇక్కడ మీలో ఒకరు అడుగవచ్చును: దొంగమీద ఇంత కనికరమేల? దోచుకొనబడినవాని కన్నీరు కన్నీరు కాదా? న్యాయమైన ప్రశ్న. దొంగతనము పాపము కాదని ఎవరును చెప్పలేదు. చేసిన నేరమునకు లెక్క చెప్పవలసినదే. గాని చేసినవానికి తీర్పు వేరు, వాని ఉయ్యాలలోని బిడ్డకు తీర్పు వేరు. రెండవదానిని కొట్టివేయనిదే మొదటిదానికి న్యాయము జరుగదు. బిడ్డకు వేరొక దారి లేకుండ చేసి, పెద్దవాడైన తరువాత ఆ దారిన పోయితివేల అని అడుగుట ధర్మమా?

మరొకరు అడుగుదురు: నాస్తికుల ఇంటి కోడలి మాట మన పత్రికలో ఏల? ప్రభువు చెప్పిన ఉపమానమును జ్ఞాపకము చేసికొనుడి. దారిలో పడియున్నవానిని చూచి యాజకుడు ప్రక్కగా పోయెను, లేవీయుడును పోయెను. దగ్గరకు వచ్చినవాడు సమరయుడు. అతడు ఏ కొండమీద ఆరాధించునని ప్రభువు అడుగలేదు. గాయములు కట్టెను, తన వాహనముపై ఎక్కించెను, పూటకూళ్ళవానికి సొమ్ము చెల్లించెను. ప్రక్కగా పోయినవారిరువురును లోలోపల కంటతడి పెట్టియుండవచ్చును. పడియున్నవానికి దానివలన ఏమి లాభము?

మన మెట్టనేలల రైతునకు ఈ సంగతి బోధపడుట కష్టము కాదు. వాన ఎంత కురిసినను, గట్టు లేనిచోట నీరు తమ్మిలేటిలో పడి, ఏలూరు దాటి, కొల్లేటిలో కలిసిపోవును. చేను ఎండియే యుండును. నాగిరెడ్డిగూడెము వద్ద అడ్డుకట్ట కట్టిన తరువాతనే ఆ నీరు నిలిచినది. పాట వలన మనకు కలుగు కంటతడియు వాన వంటిదే. అది లేక నేల మెత్తబడదు, గనుక పాటను చులకన చేయవద్దు. గాని గట్టు కట్టవలసినవారము మనమే.

ఆ గట్టును మన యింటనుండియే ఆరంభింతము. ఒకే ప్రభువు పేరిట మాలపల్లెకొక గుడి, మాదిగపల్లెకొక గుడి యున్న ఊళ్ళు మనకు తెలియును. వచ్చు ఆదివారము సంఘపెద్దలు కూడినప్పుడు అడుగుడి: మన సమాధుల తోటలో ఎవరికి చోటు లేదు? మన పెండ్లి పంక్తిలో ఎవరి విస్తరి వేరుగా పడుచున్నది? జైలునుండి వచ్చిన మన ఊరివానికి మొదటి దినపు కూలి ఎవరిచ్చెదరు? జవాబు చెప్పినవాని వెంట మీరును లేచి వెళ్ళుడి.